మా నాయన మునగని నీళ్ళు

ఏడో తరగతిలో నేను బడి మానేశానని మా వాళ్ళు మర్యాదకు చెప్పుకుంటారు. నిజానికి బడే నన్ను మానేసింది. విడిపోయినందుకు ఇద్దరిలో ఎవరమూ ఏడవలేదు. ఆదివారం బడిలో కూడా నా చదువు అంతంతమాత్రమే. పది ఆజ్ఞలు అప్పజెప్పమని పాస్టరయ్య నిలబెడితే ఆరు చెప్పి ఆగిపోయాను. "తక్కిన నాలుగు?" అన్నాడాయన. "అవి ఇంకా మీరలేదయ్యా, మీరినాక గుర్తుంటాయి" అన్నాను. ఆయన నా చెవి మెలిపెట్టాడు గానీ, మెలిపెడుతూనే నవ్వాడు. నా బతుకులో నాకు వచ్చిన మార్కులు ఆ నవ్వే. అప్పటి నుంచి ఏ మాటకైనా ముందు ఎకసెక్కమే నా నోటికి వచ్చేది.

మా పేటకు ఒక ప్రార్థన మందిరం ఉంది. నాలుగు గోడలు, పైన సిమెంటు రేకులు. కుందుర్పిలో కాపురముండే పాస్టరయ్య ఆదివారం ఆదివారం మోపెడ్డు మీద వచ్చి వాక్యం చెప్పి పోయేవాడు. మంచి మనిషి. అయితే ఎండలు ముదిరేకొద్దీ ఆయన మనసు నరకం మీదికి పోయేది. పైన రేకులు కాలుతుంటే, ఆడవాళ్ళు ముసుగు వేసుకున్న కొంగులతోనే విసురుకుంటుంటే, ఆయన ఆరని మంట గురించి చెప్పేవాడు.

"అయ్యా, ఈ రేకుల కింద కూర్చున్నోళ్ళకు నరకం సంగతి చెప్పల్లనా? పరలోకం సంగతి చెప్పు, మాకు తెల్దు" అన్నాను ఒకసారి వెనక వరసలోంచి. సంఘమంతా నవ్వింది. మా అమ్మ నవ్వలేదు.

ఆయన ఎక్కువగా చెప్పే కథ ఒకటుండేది. దర్జాగా బతికిన ధనవంతుడు ఒకడు. వాడి వాకిట్లో ఒళ్ళంతా పుండ్లతో పడి ఉన్న బిచ్చగాడు ఒకడు. ఇద్దరూ చచ్చాక తారుమారు అవుతుంది. మంటలో పడ్డ ధనవంతుడు పైకి చూసి, ఆ బిచ్చగాడి వేలి కొసను నీళ్ళలో ముంచి నా నాలుక తడపమనండి అని బతిమాలతాడు. కుదరదంటారు. మధ్యలో దాటలేని అగాధం ఉందంటారు. ఆ మాట చెప్పేటప్పుడు పాస్టరయ్య చెయ్యి చాపి గాలిలో ఆ అగాధాన్ని కొలిచి చూపించేవాడు. అది సుమారు మా మందిరం వాకిలంత ఉండేది.

ఆ వాకిలికి అవతలే మా నాయన కూర్చునేవాడు, వేపచెట్టు నీడలో బీడీ తాగుతూ. లోపలికి వచ్చేవాడు కాదు. అమ్మ నేను పుట్టకముందే బాప్తిస్మం తీసుకుంది గానీ నాయన తీసుకోలేదు. ఆయనకు తప్పెట ఉండేది. ఊరమ్మకు దేవర జాతర జరిగినా, ఊళ్ళో శవం లేచినా, ముందు నడిచేది ఆయన తప్పెటే. బాప్తిస్మం తీసుకున్నవాడు దేవరకు తప్పెట కొట్టకూడదు. కొట్టడం మానుకోలేక ఆయన వేపచెట్టు కిందే ఉండిపోయాడు. వాక్యమంతా వినేవాడు మాత్రం. ధనవంతుడి కథ విన్నప్పుడల్లా ఇంటికి వస్తూ దారిలో అదే మాట అనేవాడు.

"అడిగింది చుక్కే కదరా. ఇస్తే ఏం పోయేది?"

అమ్మకు మాత్రం ఆ కథ విన్న పూట అన్నం దిగేది కాదు. "నువ్వొక పక్క, నేనొక పక్క అయితే ఎట్లయ్యా?" అనేది.

"ఇప్పుడు మాత్రం ఒక పక్కనే ఉండామా? నువ్వు లోపల, నేను చెట్టు కింద" అనేవాడు నాయన.

నేను పద్నాలుగో ఏట మునిగాను. మా సంఘంలో నెత్తిన నీళ్ళు చల్లితే చాలదు, మనిషి నిలువునా మునిగి లేవాలి. ఊరి బయట ఒక రైతు పొలంలో దిగుడు బావి ఉండేది. నడుము లోతు మెట్టు మీద పాస్టరయ్య నిలబడి, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ముక్కు మీద పెట్టి వెనక్కి వంచేవాడు. నన్ను లేపేసరికి చొక్కా జేబులో కప్పపిల్ల ఉంది. "అయ్యా, పాపాలు పోతాయంటివి గానీ కప్పలొస్తాయని చెప్పకపోతివే" అంటే, గట్టు మీద పాడుతున్న ఆడవాళ్ళకు పాట తప్పింది. అది తొంభైల చివర. అప్పటికి బావుల్లో ఇంకా కప్పలుండేవి.

తరువాత వరుసగా కొన్నేళ్ళు వేరుశనగ విత్తనం వేసిన చోటే మాడింది. ముందు బావులు పోయాయి, వెనక బోర్లు పోయాయి. ఊరికి ట్యాంకర్లతో నీళ్ళు తోలే పనిని మా ఊరి ఆసామి ఒకాయన పట్టాడు. ఆయన ట్రాక్టరుకు నేను డ్రైవరు. బడి వదిలించుకున్నవాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఉండదు. నేను హారన్ కొడితే ఊరు ఊరంతా బిందెలెత్తుకొని పరిగెత్తేది. ఐదు కిలోమీటర్ల అవతల ఎండిపోని బోరు ఒకటుంటే, రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగేవాణ్ణి. మా పేటకు చివరి ట్రిప్పు.

ఆ రోజుల్లోనే నాయనకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులని చెప్పి ఆసుపత్రిలో మందులిచ్చారు. మందులు అయిపోయాయి, దగ్గు ఉండిపోయింది. తప్పెట మా చిన్నాయన ఇంటికి పోయింది. ఒక మధ్యాహ్నం సంగటి తింటూ తింటూ నాయన అన్నాడు: "ఇంక నేను దేవరకు పోలేను. ఆ పాస్టరయ్యకు చెప్పు. ముంచేదుంటే ముంచమను."

అమ్మ ముద్ద చేతిలోనే పెట్టుకొని కూర్చుంది. ఇరవై ఏళ్ళకు పైగా అడిగిన మాట. వచ్చేసరికి ఏమనాలో ఆమెకు తెలియలేదు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి, లేచి పోయి, కొంగు ముసుగు వేసుకొని, గోడ వైపు తిరిగి ప్రార్థన చేసుకుంది. నాయన నా వైపు చూసి కన్ను గీటాడు.

పాస్టరయ్య ఆ ఆదివారం సంతోషంగా నాయన పేరు తన నోటుబుక్కులో రాసుకున్నాడు. అప్పటికే నలుగురు బాప్తిస్మం కోసం కాచుకొని ఉన్నారు. నాయన ఐదో వాడు. కాచుకొని ఉన్నది దేవుడి కోసం కాదు, నీళ్ళ కోసం. దిగుడు బావికి పోయి చూస్తే అడుగున రాళ్ళు, ఎవరిదో తెగిన చెప్పు ఒకటి కనిపించాయి.

"గుంత తవ్వి, టార్పాలిన్ పట్ట పరిచి, ఒక ట్యాంకరు నీళ్ళు పోస్తే చాలమ్మా. ఐదుమందికీ ఒకే దినం చేస్తా. తోలేది మీ వాడే కదా" అన్నాడు పాస్టరయ్య.

అమ్మ ఇంటికి వచ్చి నన్ను అడిగింది. నేను ట్రాక్టరు చక్రానికి గాలి చూస్తున్నాను. నాయన పక్కనే మంచం మీద ఉన్నాడు.

"ఒక్క ట్రిప్పు తోలు నాయనా. ఒక్కటే."

"తాగేదానికి లేక జనం జుట్లు పట్టుకుంటాండారమ్మా. నాయన్ను ముంచేదానికి ట్యాంకరు పోసినానంటే నన్ను అదే గుంతలో పూడుస్తారు. రెండు పనులూ ఒకే గుంతలో అయిపోతాయి."

"ఎగతాళికి కాదురా అడుగుతాండేది. మీ నాయన ఎట్లుండాడో సూడు."

"వానొచ్చే దాకా ఆగు మా. బావి నిండితే దేవుడే ముంచుకుంటాడు. ఆయప్పకు లేని తొందర మనకేమిటికి?"

నాయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక అన్నాడు: "వాడు చెప్పేది నిజమే లేవే. ఇన్నేండ్లు ఆగిన దేవుడు వానొచ్చే దాకా ఆగడా?"

అమ్మ కొంగు సర్దుకొని లోపలికి పోయింది. నా మాట బాగా పండిందని నేను అనుకున్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. నీళ్ళ దగ్గర రోజూ కొట్లాటే. ఒకామెకు బిందె తగిలి నుదురు చిట్లింది. కానీ ఆ వారమే ఆసామి కొత్త మిద్దెకు కప్పు పోశారు. కాంక్రీటు పోశాక అది పగలకుండా పైన నీళ్ళు నిలబెట్టాలి. "రెండు ట్రిప్పులు మిద్దె మీదికి కొట్టప్పా" అన్నాడు ఆసామి. కొట్టాను. ఎవరన్నా ఏమన్నా అంటారేమో అన్న ఆలోచన కూడా నాకు రాలేదు, ఎవరూ అనలేదు కూడా. పైపు చుట్టుకోవడానికి మిద్దె ఎక్కాను. సన్నగా గట్లు కట్టిన మడుల్లో నీళ్ళు మడమ లోతున నిలబడి ఉన్నాయి. ఒక మనిషి ఇందులో వెల్లకిలా పడుకుంటే మునుగుతాడా అని చూశాను. చెవుల దాకా మునుగుతాడు, ముక్కు మునగదు. కిందికి దిగి ఆ మాట చెప్పి మేస్త్రీని నవ్వించాలనుకున్నాను. చెప్పలేదు.

ఇరవై రోజులకు నాయన పోయాడు.

నేను బోరు దగ్గర ఉన్నాను. మా చిన్నాయన కొడుకు సైకిలు మీద వచ్చాడు. దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, "పెదనాయన పోయినాడన్నా" అన్నాడు. ట్యాంకరు అప్పటికి ముప్పాతిక నిండింది. నిండేదాకా నిలబడ్డాను. వెలితి ట్యాంకరు తోలితే నీళ్ళు అటూ ఇటూ కొట్టుకొని ట్రైలర్ ఊగుతుంది, అది నిజం. నేను నిలబడింది దానికోసం కాదు, అదీ నిజం. నీళ్ళు పొర్లి నా కాళ్ళ మీద పడ్డాక మోటారు ఆపాను.

ఊళ్ళోకి రాగానే అలవాటు కొద్దీ హారన్ కొట్టాను. జనం వచ్చారు. పైపు ఇప్పాను. ఒకామె బిందె పెడుతూ, "మీ నాయన పోయినాడంట కదప్పా" అంది.

"ఊ. బిందె సరిగ్గా పెట్టు, కారతాండాది" అన్నాను.

సగం ట్యాంకరు దించి, మిగతా సగంతో పేటకు పోయాను. ఇంటి ముందు ఆపాను. నాయనను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. నీళ్ళు పోయాలి, పట్టండి అన్నారెవరో. బిందె పట్టాను. ఇంకొకటి పట్టాను. ఇంకొకటి. రోజూ నీళ్ళకు కొట్లాడుకునే వాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు, ఒక్కరూ ఇన్ని నీళ్ళా అనలేదు. నీళ్ళు నాయన నెత్తి మీంచి, రొమ్ము మీంచి, కాళ్ళ మీంచి పోయి మందిరం ముందరి వేపచెట్టు వైపు పారాయి. ఆయన నిలువునా తడిశాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయన గడ్డం దగ్గర ఆకువక్క సున్నం మరక ఉంటే తుడిచాను.

తరువాత తగువు మొదలయింది. మా పేటకు శవాలను పూడ్చే జాగాలు రెండు. ఒకటి వాగు వంక పక్కన, పాతది, బండలూ ముళ్ళూ. ఇంకొకటి తుమ్మకంప కంచె వేసిన సంఘం జాగా, సిలువలు పాతినది. మునిగిన వాళ్ళే అందులోకి పోవాలి. అమ్మ ఆ జాగాలో తన చోటు ఎప్పుడో చూసుకుంది, పక్కన నాయనకు సరిపోయేంత ఎడం వదిలి. ఆ ఎడాన్ని ఆమె ఏళ్ళ తరబడి ఎవరినీ పూడ్చనివ్వకుండా కాపాడుకుంది. మా సంఘపెద్ద, నాయన ఈడువాడు, నాయనతో కలిసి బీడీలు తాగినవాడే, వచ్చి తల వంచుకొని, "వంక పక్కన తవ్విస్తా వదినా" అన్నాడు.

"పాస్టరయ్యను రానీ. ఆయప్ప నాకు ఒక మాట చెప్పేదాకా ఎత్తనీయను" అంది అమ్మ.

పాస్టరయ్య మధ్యాహ్నం దాటాక వచ్చాడు. మోపెడ్డు స్టాండు వేసేలోపే అమ్మ లేచి ఎదురుగా పోయింది. ఏడవడం లేదు.

"అయ్యా, నాకు జాగా సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు. మా ఆయన ఇప్పుడు యాడుండాడు? మంటలోనా?"

పేటంతా ఉంది అక్కడ. పాస్టరయ్య చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ప్రతి ఎండాకాలం గాలిలో కొలిచి చూపించిన అగాధాన్ని ఎవరో ఆయన కాళ్ళ ముందు తవ్వినట్టు నిలబడ్డాడు. 

"సిలువ మీద ప్రభువు పక్కన ఒక దొంగ ఉన్నాడు కదమ్మా. చివరి గడియలో నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు. వాణ్ణి ఎవరు ముంచినారు? బావి లేదు, పాస్టరు లేడు. ఆ దినమే పరదైసులో నాతో ఉంటావని ప్రభువు మాటిచ్చినాడు."

అమ్మ మొహంలో ఏదో కదిలింది. కానీ సంఘపెద్ద ఊరుకోలేదు. చెడ్డవాడు కాదు, కట్టుబాటు కాపాడేవాడు.

"ఆ దొంగ చేతులకు మేకులు కొట్టి ఉండారు కదయ్యా. దిగి పోయి మునిగేదానికి వాడికి కాలేదు. ఈయనకు ఏం అడ్డం? ట్యాంకరే కొడుకు చేతిలో ఉండాది. అదో, ఇంటి ముందరే నిలబడిండాది. వీలు లేక మునగనోడు వేరు, మునగల్లని లేక మునగనోడు వేరు. రేపు ఇంకొకరు వచ్చి అడిగితే మేమేం చెప్పల్ల?"

అందరూ ట్యాంకరు వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. తూము దగ్గర నుంచి చుక్క చుక్క కారుతూ ఉంది. వాషరు పోయింది, మార్చాలి మార్చాలి అనుకుంటూ ఉన్నాను.

"ఎందుకు కాలేదప్పా?" అని పాస్టరయ్య నన్నే అడిగాడు.

నోట్లో రెండు మూడు ఎకసెక్కాలు వచ్చాయి. ఎప్పుడూ అవే ముందొస్తాయి. అవి పోయేదాకా నిలబడ్డాను, ట్యాంకరు నిండేదాకా నిలబడినట్టే.

"ఆయన మునుగుతా అన్నాడయ్యా. అమ్మ నీళ్ళడిగింది. నేనే తోల్లేదు. వానొచ్చే దాకా ఆగమన్నా. ఆ వారమే మిద్దె మీదికి రెండు ట్యాంకర్లు కొట్టినా."

నా గొంతు వేరే ఎవరిదో అయినట్టు, వాడు పోలీసు స్టేషన్లో తన పేరు చెప్తున్నట్టు వినిపించింది.

పాస్టరయ్య సంఘపెద్ద వైపు తిరిగాడు. "విన్నావు కదా. ఈయన అడిగినాడు. మనమే ఇయ్యలేదు. ఈయన చేతులకు కూడా మేకులు కొట్టినట్టే." నన్ను చూడకుండా అన్నాడు: "దేవుడు లెక్క అడిగేదుంటే ఈయన్ను అడగడు."

సంఘపెద్ద తల మీది టవలు తీసి భుజాన వేసుకున్నాడు. "అయితే కంచె లోపలే తవ్విస్తా" అన్నాడు.

అమ్మ కదల్లేదు. "మరి వీడు?" అంది. నా వైపు చెయ్యి కూడా చూపలేదు. అయినా అందరికీ అర్థమయింది.

"వీడు బతికే ఉండాడు కదమ్మా" అన్నాడు పాస్టరయ్య.

అది కరుణో శిక్షో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

నాయనను అమ్మ కాపాడుకున్న ఎడంలోనే పూడ్చాం. మా చిన్నాయన తప్పెట తెచ్చాడు గానీ కంచె బయటే ఆగి, కొట్టకుండా చంకలో పెట్టుకొని నిలబడ్డాడు. మట్టి వేయమంటే వేశాను. మట్టి పొడిపొడిగా ఉంది. అక్కడి నుంచి పోయి చివరి ట్రిప్పు తోలాను. వద్దన్నవాళ్ళున్నారు. పేట వాళ్ళకు నీళ్ళు లేవు కదా అన్నాను. నిజంగా లేవు, తెచ్చినవి నాయన మీద పోశాం, మిగిలినవి చావుకొచ్చిన జనానికే అయిపోయాయి.

రెండు నెలలకు వాన పడింది. గట్టిగా, మూడు రోజులు. దిగుడు బావిలో నడుము లోతు నీళ్ళు నిలబడ్డాయి. వచ్చిన ఆదివారం పాస్టరయ్య నలుగురినీ ముంచాడు. నోటుబుక్కు చూసి పేర్లు పిలిచాడు. నాలుగో పేరు తరువాత ఒక్క క్షణం ఆగి, బుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. గట్టు మీద ఆడవాళ్ళు పాడారు. అమ్మ కూడా పాడింది. నేను అవతలి గట్టున కూర్చుని చూశాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. కప్పలు ఇంకా రాలేదు.

నాకు ఏదో అవుతుందని ఎదురుచూశాను, దుఃఖమో, భయమో. పాస్టరయ్య మంట గురించి చెప్పినప్పుడు అమ్మకు అన్నం దిగకపోవడం నాకు తెలుసు. నాకు దిగుతూనే ఉండేది. పొద్దున ట్రాక్టరు, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం ట్రాక్టరు. మనుషులు ఎకసెక్కం చేస్తే జవాబు ఇచ్చేవాణ్ణి, వాళ్ళు నవ్వేవాళ్ళు. నా నోరు నాతో పని లేకుండా తన పని తాను చేసుకుపోయేది.

అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పిలిచేది, పెట్టేది, పక్క వేసేది. ఆ ఆదివారం బావి దగ్గర నుంచి వచ్చాక కూడా సంగటి ముద్ద చేసి నా పళ్ళెంలో పెట్టింది. ఆ మౌనం భరించలేక, ఎట్లాగైనా ఆమెను నవ్వించాలని, నాకు వచ్చిన విద్యే వాడాను.

"మా, నాకు పరలోకం లేదని తెలిసిపోయింది లే. అయినా దిగులు లేదు. మంటలో ఉండేటోళ్ళకు నీళ్ళు కావల్ల కదా, ఆడ కూడా నాకు ట్యాంకరు తోలే పనే ఇస్తారు."

అమ్మ చారు గిన్నె దించింది. నా వైపు చూడలేదు.

"ఇస్తే మాత్రం ఏం లాభం రా? చుక్క అడిగినోళ్ళను వానొచ్చే దాకా ఆగమంటావు."